తానీషా ముఖం ఏ రంగు?

కోకాపేటలో కొత్తగా లేస్తున్న టవర్ల చుట్టూ రేకుల గోడలుంటాయి కదా, వాటి మీద ఒక కుటుంబం ఉంటుంది. మీరూ చూసే ఉంటారు. అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు, ఒక కుక్క. నల్ల నేపథ్యం, బంగారు అక్షరాలు. ఆ నలుగురిలో ఒక్కరు కూడా మన రంగులో ఉండరు. కుక్క మాత్రం కాస్త దగ్గరగా ఉంటుంది :). 2023 ఆగస్టులో ఇక్కడి నియోపోలిస్ వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది. ఆ భూమి మీద కట్టే ఫ్లాట్లు కొనేది ఎవరయ్యా అంటే మనమే. ఉదయం తొమ్మిదింటికి మా లిఫ్టులో చూస్తే అందరం చామనఛాయ, లేదా దానికి ఒకటి రెండు మెట్లు కింద. గోడ మీది వాళ్ళు ఎక్కడుంటారో నాకింతవరకూ కనబడలేదు.

బిల్డర్లని తిట్టడానికి కాదు ఇది రాస్తున్నది. ఇక్కడికి పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న గోల్కొండలో, దాదాపు 340 ఏళ్ళ కిందట, ఇంతకన్నా శ్రద్ధగా మనుషుల బొమ్మలు వేసి అమ్మేవాళ్ళు. ఆ బొమ్మల్లో ఈ నేలని ఏలిన చివరి కుతుబ్ షాహీ సుల్తాను ముఖం నల్లగా ఉంటుంది. ఎక్కడా దాచలేదు, తెల్లబరచలేదు. ఎందుకలా అని వెతుక్కుంటూ పోతే చాలా దూరమే పోయాను.

ముందు ఆ సుల్తాను గురించి. పేరు అబుల్ హసన్, ఏలింది 1672 నుంచి 1687 దాకా. మనకి ఆయన తానీషా. భద్రాచలం రామదాసుని గోల్కొండ చెరసాలలో పెట్టినవాడు, తర్వాత రామలక్ష్మణుల దర్శనం దొరికిందని మనం కథగా చెప్పుకునేవాడు. శ్రీరామనవమికి భద్రాచలం వెళ్ళే ముత్యాల తలంబ్రాల ఆనవాయితీ ఆయన పేరుతోనే ముడిపడి ఉంది. తెలుగువాళ్ళకి మొత్తమ్మీద మంచివాడే. అదే హిందీలో తానాషా అంటే నియంత! ఆ మాట ఈయన పేరునుంచే వచ్చిందని కూడా అంటారు. ఔరంగజేబు వైపు వాళ్ళ రాతల్లోనేమో భోగలాలసుడు, రాజ్యాన్ని అక్కన్న మాదన్నలకి వదిలేసి పాటలు వింటూ కూర్చున్నవాడు. ఒకే మనిషికి మూడు ముఖాలు, మూడూ ఇంకెవరో తగిలించినవే. నా మటుకు నాకు 2006లో శ్రీరామదాసు సినిమా చూశాక తానీషా అంటే నాజర్ ముఖమే గుర్తొచ్చేది. అసలాయన బొమ్మ ఒకటుందని, అదీ బతికున్నప్పుడే వేసిందని, చాలా ఏళ్ళ తర్వాత గానీ తెలియలేదు.

ఆ బొమ్మ ఇప్పుడు ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉంది, రైక్స్ మ్యూజియంలో. 1686 ప్రాంతంలో గోల్కొండలో తయారైన 49 బొమ్మల ఆల్బం అది. ఆమ్‌స్టర్‌డామ్ నగరానికి మేయరుగా చేసిన నికొలాస్ విట్సెన్ అనే పెద్దమనిషి సేకరణలోకి చేరింది కాబట్టి విట్సెన్ ఆల్బం అంటారు. డచ్చివాళ్ళు అప్పటికే మచిలీపట్నంలో కొట్లు పెట్టుకుని అద్దకం బట్టలు, వజ్రాలు కొంటున్నారు. వాళ్ళకి ఇంకో సరుకు కూడా కావాల్సొచ్చింది: ఈ దేశంలో ఎవరెవరు రాజులు, ఎవరెలా ఉంటారు అన్న సమాచారం. దానికి గోల్కొండ చిత్రకారులు సెట్లు సెట్లుగా బొమ్మలు వేసిచ్చారు. మొఘల్ చక్రవర్తులు, షాజాదాలు, దక్కన్ సుల్తానులు, సేనానులు. ఎవరెవరో తెలియడానికి డచ్చిలో పేర్లు రాసుకున్నారు. మన భాషలో చెప్పాలంటే ఎగుమతి కోసం తయారైన డేటాసెట్, లేబుల్స్‌తో సహా.

ఈ సెట్లలో శివాజీ కూడా ఉన్నాడు. 1677లో ఆయన గోల్కొండ వచ్చి తానీషాని కలిశాడు, అక్కన్న మాదన్నలు మర్యాదలు చేశారు. ఆ తర్వాత మూడేళ్ళకే, 1680లో చనిపోయాడు. ఆయన పోయాక కూడా గోల్కొండలో ఆయన బొమ్మలు తయారవుతూనే ఉన్నాయి. ఒకటి విట్సెన్ ఆల్బంలో, ఇంకొకటి లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో. 20వ శతాబ్దం మొదట్లో మహారాష్ట్రలో శివాజీదని చెలామణి అయిన ఒక బొమ్మ అసలు ఆయనది కాదని, పేరు తప్పు పడిందని 1930లలో బేంద్రే అనే చరిత్రకారుడు తేల్చాడు. దాని బదులు డచ్చి పుస్తకంలోంచి పట్టుకొచ్చి పెట్టిన ముఖం ఈ కాలపు చిత్రమే. ఒక లేబుల్ తప్పు పడితే జనం ఇంకొకరి ముఖానికి దండం పెడతారన్నమాట. ప్రొడక్షన్‌లో తప్పుడు డేటా ఎక్కించిన అనుభవం ఉన్నవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

సరే, అసలు విషయానికొద్దాం. ఆ బొమ్మలు చదవడం ఎలా?

మొదట అందరూ పక్కకి తిరిగే ఉంటారు. ఒక కన్ను, ఒక చెవి, ముక్కు గీత. దీనికి కారణం కొంత పద్ధతి, కొంత సౌకర్యం. చర్బా అని ఒకటుండేది, పల్చగా గీకిన జింకతోలు. ఉన్న బొమ్మ మీద దాన్ని పరిచి గీతలు ఎక్కించుకుని, ఆ గీతల వెంట సూదితో బెజ్జాలు పెట్టి, బొగ్గుపొడి మూట అద్దితే కింద కాగితం మీదకి ముఖం దిగిపోయేది. పక్కకి తిరిగిన ముఖమైతే గీత ఒక్కటి సరిపోతే చాలు మనిషి గుర్తుపట్టేలా వస్తాడు. రాజు ప్రతిసారీ ఎదురుగా కూర్చోనక్కర్లేదు. ఆయన చనిపోయినా పని ఆగదు. (శివాజీ బొమ్మ అలా కూడా వచ్చి ఉండొచ్చని నా అనుమానం.)

తర్వాత గుర్తులు. తల వెనక బంగారు వలయం ఉంటే ఏలిక. ఈ వలయం జహంగీరు కాలంలో క్రైస్తవుల బొమ్మల్ని చూసి మొఘల్ చిత్రకారులు తెచ్చుకున్నది. మేరీమాత తల వెనకనించి పాదుషా తల వెనక్కి, అక్కణ్ణించి గోల్కొండ సుల్తాను తల వెనక్కి వచ్చింది. చేతిలో పువ్వుంటే రసికుడు, కత్తి ఉంటే వీరుడు, రెండూ ఉంటే రెండూ. జామా ముడి చూడండి: కుడి చంక కింద కట్టుకుంటే ముస్లిం, ఎడమవైపు కట్టుకుంటే హిందువు. ఇంత చిన్న ముడిలో ఎంత సమాచారం! ఇక జామా బట్ట. ఒళ్ళు కనబడేంత పల్చటి మల్లు అంటే ఐశ్వర్యం. అదే ముసలి ఔరంగజేబు బొమ్మల్లో చూడండి, తెల్ల గడ్డం, తెల్లబట్టలు, చేతిలో ఖురాను. అక్కడ తెలుపంటే వైరాగ్యం. ఒకే తెలుపు, బట్ట నేతని బట్టి అర్థం తిరగబడుతుంది.

ఈ పద్ధతంతా గోల్కొండది కాదు. పాత గోల్కొండ బొమ్మలు పర్షియా వాటంలో, బంగారం దట్టించి, కిక్కిరిసి ఉండేవి. 1636లో షాజహాను ఒత్తిడికి అబ్దుల్లా కుతుబ్ షా లొంగి ఒప్పందం రాసిచ్చాడు. మసీదుల్లో ఖుత్బా షాజహాను పేరు మీద, నాణేలూ ఆయన పేరు మీదే, పైన కప్పం. ఆ తర్వాత దశాబ్దాల్లో గోల్కొండ బొమ్మ కూడా మొఘల్ దారి పట్టింది: ఖాళీ పచ్చటి నేపథ్యం, ఒంటరిగా నిలబడ్డ మనిషి, పక్కముఖం. పెద్ద క్లయింటు టెంప్లేటు పంపిస్తే మన స్లైడులన్నీ దాంట్లోకి మారతాయే, అలాగ.

అయితే ఆ టెంప్లేటులో ఒక్కటి మారలేదు. అదే ఒంటి రంగు.

తానీషా ఆ బొమ్మలో చామనఛాయ కూడా కాదు, ముదురు గోధుమ. నిండైన ఒళ్ళు, నల్లగడ్డం. నగలకీ బట్టకీ వాడిన శ్రద్ధే ఆ రంగుకీ వాడారు. కాటుక మసి, ఎర్రమట్టి, తెలుపు, ఇవన్నీ చిత్రకారుడి దగ్గర ఉన్నవే. చేతికందే దూరంలో తెలుపు ఉంచుకుని కూడా ఇంకొంచెం కలపలేదంటే అది చేతకాక కాదు.

దక్కన్‌లో నలుపు ఎవరికీ పట్టేది కాదని నేను అనను. రంగుని తిట్టుగా వాడటం ఆ కాలానికీ తెలుసు. 1616 ప్రాంతంలో జహంగీరు ఒక బొమ్మ వేయించుకున్నాడు, ఇప్పుడది డబ్లిన్‌లో చెస్టర్ బీటీ లైబ్రరీలో ఉంది. వేసినవాడి పేరు కూడా అబుల్ హసనే, మన తానీషాకీ అతనికీ సంబంధం లేదు. అందులో జహంగీరు భూగోళం మీద నిలబడి, బల్లేనికి గుచ్చిన మలిక్ అంబర్ తల మీదకి బాణం వేస్తుంటాడు. మలిక్ అంబర్ అహ్మద్‌నగర్‌ని నిలబెట్టిన అబిసీనియా సేనాని, బానిసగా వచ్చి రాజ్యం నడిపినవాడు. ఆ బొమ్మ మీద రాతల్లో అతన్ని రాత్రి రంగువాడని, గుడ్లగూబతో కలిపి వెక్కిరించారు. తమాషా ఏంటంటే జహంగీరు అతన్ని ఎప్పుడూ పట్టుకోలేకపోయాడు. మలిక్ అంబర్ 1626లో, ముసలితనంలో, తన రాజ్యంలోనే చనిపోయాడు. యుద్ధంలో చెయ్యలేనిది కాగితం మీద చేసుకున్నారు.

అంటే నలుపుని ఎలా వాడాలో, తెలుపుని ఎలా వాడాలో అందరికీ తెలిసిన కాలంలోనే గోల్కొండవాళ్ళు తమ రాజుని ఆయన రంగులో వేశారు. నాకర్థమైంది ఇది: వాళ్ళ లెక్కలో రంగు మనిషిని గుర్తుపట్టడానికి, హోదా చెప్పడానికి కాదు. హోదా మొయ్యడానికి వలయం ఉంది, ముత్యాలు ఉన్నాయి, జామా ఉంది, కత్తి ఉంది. చర్మం మీద ఆ బరువు పెట్టాల్సిన పని లేదు. మన కోకాపేట గోడమీద ఆ వలయాలూ కత్తులూ ఏమీ లేవు. జీన్స్ ప్యాంటు, టీ షర్టు, చేతిలో కాఫీ. హోదా మొత్తం చర్మం మీదే మోయాలి.

మధ్యలో కెమెరా వచ్చింది. హైదరాబాదులో ఆ కథ ఆరో నిజాం దగ్గర ఫొటోగ్రాఫరుగా చేరిన రాజా దీన్ దయాళ్‌ది. ఈయన రూర్కీలో చదివిన సివిల్ ఇంజినీరు, పీడబ్ల్యూడీ ఉద్యోగం వదిలి హాబీని వృత్తి చేసుకున్నాడు. (మనలో చాలామంది కల!) నలుపు తెలుపు ఫొటో మీద చేత్తో రంగులు వేసే పని అప్పట్లో దేశమంతటా ఉండేది. అంటే కెమెరా వచ్చినా ఒంటి రంగు ఎంతుండాలో నిర్ణయించేది మళ్ళీ కుంచే. కలర్ ఫిల్ము వచ్చాక అదీ పోయి ఫ్యాక్టరీలోకి మారింది. కొడాక్ ల్యాబుల్లో రంగులు సరిచూసుకోడానికి షర్లీ కార్డు అని ఒక తెల్లమ్మాయి ఫొటో ఉండేది, ఆ అమ్మాయి చర్మం బాగా వస్తే మిషను బాగున్నట్టు. ముదురు గోధుమ రంగులు సరిగ్గా రావట్లేదని మొదట గట్టిగా ఫిర్యాదు చేసింది నల్లవాళ్ళు కూడా కాదు, చాక్లెట్ కంపెనీలు, చెక్క సామాన్ల కంపెనీలు అని కొడాక్‌లో పనిచేసినవాళ్ళే చెప్పారు.

తర్వాతిది మన వంతు. 2018లో జాయ్ బులమ్విని, టిమ్నిట్ గెబ్రూ మూడు పెద్ద కంపెనీల ముఖ గుర్తింపు సాఫ్ట్‌వేర్లని పరీక్షించారు. ముఖం చూసి ఆడో మగో చెప్పడంలో తెల్ల మగవాళ్ళ దగ్గర తప్పులు ఎక్కువలో ఎక్కువ 0.8 శాతం. నల్ల ఆడవాళ్ళ దగ్గర 34.7 శాతం దాకా. 2020లో ఫెయిర్ అండ్ లవ్లీ పేరు గ్లో అండ్ లవ్లీగా మారింది, సంతోషం. మా టీములో ఒకతను ప్రొఫైలు ఫొటో కోసం ఏదో ఏఐ యాప్‌లో తన ముఖం ఎక్కించాడు. కోటు, టై, వెనక అద్దాల ఆఫీసు, అన్నీ ఇచ్చింది. దాంతోపాటు ఎవరూ అడక్కుండానే మూడు షేడ్లు తగ్గించింది. అతను సంబరంగా పెట్టుకున్నాడు. వాళ్ళమ్మగారు చూసి "ఎవర్రా ఈ అబ్బాయి" అన్నారట.

తానీషా కథ ఎలా ముగిసిందో మీకు తెలుసు. 1686లో అక్కన్న మాదన్నల్ని చంపారు. 1687లో ఎనిమిది నెలల ముట్టడి తర్వాత లోపలివాడొకడు తలుపు తీస్తే కోట పోయింది. మొఘల్ సేనానులు లోపలికొచ్చేసరికి సుల్తాను కంగారు పడకుండా కూర్చుని భోజనం చేశాడని ఖాఫీఖాన్ రాశాడు. శత్రువు వైపు చరిత్రకారుడే! తర్వాత దౌలతాబాదు కోటలో ఖైదు, చావూ అక్కడే. విట్సెన్ ఆల్బం సరిగ్గా ఆ ముట్టడికి ముందటి ఏడాది నాటిది. అది వేసినవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు.

రైక్స్ మ్యూజియంవాళ్ళు ఆ బొమ్మల్ని పెద్ద సైజులో ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోనిస్తారు. పోయిన నెల తానీషాని పెన్ డ్రైవులో వేసుకుని, ఇంట్లో గోడకి పెట్టుకుందామని దగ్గర్లో ప్రింటింగ్ షాపుకి వెళ్ళాను. ఏ3, మంచి కాగితం. అరగంట తర్వాత తెచ్చిచ్చాడు కుర్రాడు. పచ్చ నేపథ్యం కాస్త వెలిసింది, ముత్యాలు మెరుస్తున్నాయి, సుల్తానుగారు మాత్రం గోధుమ నుంచి గోధుమపిండి రంగులోకి వచ్చారు.

"ఫేస్ బాగా డార్కుగా ఉంది సార్, మీరడక్కపోయినా నేనే కొంచెం లైట్ చేసినా" అన్నాడు. పాపం మంచికే చేశాడు.

ఉన్నదున్నట్టు ఇంకోటి తియ్యమన్నాను. ఇంకో నూట ఇరవై అయింది. రెండో ప్రింటు చేతికిస్తూ ముఖంలోకి ఒకసారి చూసి, "ఎవరు సార్ ఈయన, మీ తాతగారా?" అని అడిగాడు.