బొబ్బిలి కథ - రాజకీయము

1940లో జర్మనులు నార్వేను ఆక్రమింపగా, వారి పక్షమున నిలిచిన క్విస్లింగ్ అనుచరులు తమ ప్రచారచిత్రములలో ప్రాచీన వైకింగు వీరులను నిలిపిరి. పూర్వవీరుల పేరిట నేటి పనులు నడుపుట ఐరోపాకే పరిమితము కాదు. మన బొబ్బిలి కథను చూతము.

1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు బొబ్బిలి కోటను కూల్చినవి. బుస్సీని కోటపైకి పురికొల్పినది పొరుగున ఉన్న విజయనగర ప్రభువు పెదవిజయరామరాజు. కోట నిలువదని తెలిసి బొబ్బిలివారు తమ స్త్రీలను, శిశువులను చేజేతుల వధించి, పోరాడి నేలకొరిగిరి. కొలది దినములకే తాండ్ర పాపారాయుడు విజయరామరాజును గుడారమునందే పొడిచి పగ తీర్చుకొనెను.

జంగము కథకుల తంబురపై ఇది శోకగాథ. దీనినే పరదేశీయునితో పోరుగా మాత్రము చెప్పినచో, రెండు తెలుగు సంస్థానముల వైరము మరుగుపడును.

బొబ్బిలి రాజా రామకృష్ణ రంగారావుగారు 1932లో మదరాసు రాజధానికి ప్రధానమంత్రి అయిరి. 1937 ఎన్నికలలో బొబ్బిలి నియోజకవర్గముననే కాంగ్రెసు అభ్యర్థి వి. వి. గిరిగారు వారిని ఓడించిరి. బొబ్బిలి పౌరుషమును పాడుకొన్న సీమయే ఓటును వేరుగా ఆలోచించి వేసినది.

ఈ కథ విన్నప్పుడెల్ల పాపారాయునితోపాటు, కోటలో మరణించిన ఆ తల్లులను, శిశువులను కూడ తలంచుదము.