పుదుచ్చేరి కథయు, తెరమీది పులియు

పుదుచ్చేరి పట్టణమున కాలువకు తూర్పుగా, సముద్రము నానుకొని యున్న భాగమునకు వైట్ టౌన్ అని పేరు. ద్యూమా వీథి, సఫ్రెన్ వీథి మొదలైన నామములు 1954లో ముగిసిన ఫ్రెంచి పాలనను నేటికిని జ్ఞప్తికి దెచ్చుచున్నవి. యానాము వాసులకు పుదుచ్చేరియే రాజధాని గనుక తెలుగువారికి ఈ వీథులు పరాయివి కావు. ఈ నగరపు బాలుని కథ 'లైఫ్ ఆఫ్ పై' అను పేర 2012లో తెరకెక్కి, మరుసటి యేట నాలుగు ఆస్కార్ బహుమతుల నందెను. అందు తల్లి పాత్రను హైదరాబాదులో జన్మించిన టబు ధరించెను. పులిని కంప్యూటరుపై సృష్టించిన రిథమ్ అండ్ హ్యూస్ సంస్థకు హైదరాబాదునందును శాఖ యుండెను.

ఆ పులి మీసములోని ఒక్కొక్క వెండ్రుకయు, రాత్రివేళ సముద్రపు మినుకును తెరపై చెదరక నిలిచినవి. దీనికి వెనుక అంతకు ఏడేండ్లకు పూర్వము జరిగిన యొక నిర్ణయము కలదు. అది చిత్రమును కుదించు పద్ధతిని గూర్చిన నిర్ణయము.

ఫిల్ము కాలమున ఈ చిక్కు లేదు. 35 మిల్లీమీటర్ల ఫిల్ము ఏ దేశమున తయారైనను ఏ దేశపు ప్రొజెక్టరులోనైనను ఆడుచుండెను. డిజిటల్ చిత్రము సంగతి వేరు. ఒక్కొక్క బొమ్మకు అడ్డముగా 2048, నిలువుగా 1080 బిందువులు; సెకనుకు 24 బొమ్మలు. కుదింపక యుంచినచో రెండు గంటల చిత్రము సుమారు 1.7 టెరాబైట్లగును. కనుక కుదింపు తప్పదు. ఎట్లు కుదింపవలెననుటయే ప్రశ్న.

మార్గములు రెండు. ఎంపెగ్ పద్ధతిలో ఒక బొమ్మను పూర్తిగా నుంచి, తరువాతి బొమ్మలలో మారిన భాగములనే వ్రాసికొందురు. ఇది కార్యాలయపు రిజిస్టరులో 'పై విధముగనే' యని వ్రాయుట వంటిది. కాగితము మిగులును, కాని పై వరుస చెడినచో క్రింది వరుసలకు అర్థముండదు. జేపెగ్ 2000 పద్ధతిలో ప్రతి బొమ్మయు స్వతంత్రముగా కుదింపబడును. ఒక బొమ్మలో దోషము కలిగినను అది తరువాతి బొమ్మకు ప్రాకదు. పెద్ద కొలతలో చేసిన ఒకే ప్రతినుండి చిన్న కొలత ప్రొజెక్టరును తనకు వలసినంత గైకొనగలదు.

2002లో హాలీవుడ్‌లోని పెద్ద స్టూడియోలు చేరి డిజిటల్ సినిమా ఇనిషియేటివ్స్ అను సంస్థను నెలకొల్పినవి. 2005 జులైలో ఆ సంస్థ తన ప్రమాణమును ప్రకటించి జేపెగ్ 2000ను ఎన్నుకొనెను. సెకనుకు 250 మెగాబిట్లు దాటరాదనియు, ఒక్కొక్క రంగునకు 12 బిట్లుండవలెననియు విధించెను. ఆ మేరకు రెండు గంటల చిత్రము 225 గిగాబైట్లలో ఇముడును. లోతు కనబరచు త్రీడీ చిత్రమునకు రెండు కన్నులకును కలిపి సెకనుకు 48 బొమ్మలు కావలెను. అవియు ఆ హద్దులోనే యిమడవలెను. పుదుచ్చేరి బాలుని కథ అట్టి చిత్రమే.

భారతదేశమున అవసరము వేరు. ఫిల్ము ప్రతులు వ్యయముతో కూడినవగుటచే బి, సి సెంటర్ల ప్రేక్షకులు క్రొత్త చిత్రమునకై వారములు, నెలలు నిరీక్షించుచుండిరి. 2005 ప్రాంతమున యూఎఫ్ఓ మూవీజ్ ఎంపెగ్-4 పద్ధతిని గైకొని, ఉపగ్రహము ద్వారా చిత్రములను చిన్న పట్టణముల హాళ్లకు చేర్చసాగెను. చెన్నైలోని క్యూబ్ సంస్థ మొదట ఎంపెగ్-2ను అవలంబించి, పిమ్మట జేపెగ్ 2000ను గూడ ఆడించు యంత్రములను నిర్మించెను. ఈ పొదుపు మార్గమును తక్కువ చేయరాదు. విడుదలనాడే చిత్రమును చూచు భాగ్యము పల్లెవానికి దీనివలననే కలిగెను. అయితే హాలీవుడ్ స్టూడియోలు తమ చిత్రములకు తమ ప్రమాణమునే కోరినవి. ఆ ప్రమాణమునకు తగిన యంత్రములు ఖరీదైనవి. కావున హాళ్లలో రెండు తరగతులేర్పడెను.

కుదించుట యనగా కొంత విడుచుట. పులి మీసము విడువరాదని ఒకరు తలచిరి. కడపటి బెంచీలోని ప్రేక్షకుని విడువరాదని వేరొకరు తలచిరి. రెండును న్యాయములే. వైట్ టౌన్ హాలులో నైనను, యానాము హాలులో నైనను ఒకే చిత్రము ఒకేరీతి కనబడిననాడు గదా ఈ రెండు న్యాయములును ఒక్కటగును!