బొగ్గు గని నుంచి వేడినీటి విహారశాల దాకా: కుటుంబ విహారం ఒక చరిత్రాంశం

పరిచయం

చరిత్ర అనగానే మీకు రాజులు, యుద్ధాలు, శాసనాలు, భూమిశిస్తు గుర్తుకు వస్తాయి. ఒక కుటుంబం సెలవురోజున పిల్లలతో కలిసి ఎక్కడికి వెళ్ళింది, అక్కడ ఏం చేసింది అన్న ప్రశ్నకు చరిత్ర పాఠంలో చోటు ఉంటుందని చాలామంది అనుకోరు. కాని ఒక కుటుంబం విహారానికి బయలుదేరాలంటే నాలుగు విషయాలు కుదరాలి: పనికి సెలవు, చేతిలో కొంత సొమ్ము, పోయిరావడానికి దారి, వెళ్ళినచోట పిల్లలకూ ముసలివాళ్ళకూ తగిన ఏర్పాటు. ఈ నాలుగూ ఏ కాలంలో, ఎవరికి, ఎలా సమకూరాయో పరిశీలిస్తే ఆ సమాజపు ఆర్థిక చరిత్రలో పెద్ద భాగం మీకు అర్థమవుతుంది.

ఈ వ్యాసంలో ఇందుకు ఉదాహరణగా వేడినీటి బుగ్గలను తీసుకుంటున్నాం. ముందు మన గోదావరి లోయలోని బుగ్గలను చూసి, తరువాత జపాన్‌లో ఒక బొగ్గు గని వేడినీటి విహారశాలగా మారిన తీరు తెలుసుకుందాం. చివరగా, మన బొగ్గు ప్రాంతాలకు ఆ అనుభవం ఎంతవరకు పనికివస్తుందో చర్చిద్దాం.

1. సుబేదారి ఏలుబడిలోని వేడినీటి బుగ్గలు

హనుమకొండలోని సుబేదారి పేరు మీరు రోజూ వింటారు. నిజాం రాజ్యంలో కొన్ని జిల్లాలను కలిపి సుబా అనేవారు. సుబాపై అధికారి సుబేదారు. ఆయన కార్యస్థానం ఉన్న ప్రాంతమే సుబేదారి. 1886లో నిర్మాణం మొదలైన సుబేదారు బంగళా తరువాతి కాలంలో కలెక్టరు నివాసమైంది. 1905 పునర్వ్యవస్థీకరణ తరువాత వరంగల్ సుబాలో వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు ఉండేవి. అంటే పెన్‌గంగ ఒడ్డు నుంచి భద్రాచలం ఎదుటి గోదావరి ఒడ్డు దాకా ఉన్న నేల వ్యవహారాలకు సుబేదారి కేంద్రం.

ఈ విశాల ప్రాంతంలోనూ దాని అంచుల్లోనూ వేడినీటి బుగ్గలు ఉన్నాయి. ఆనాటి ఆదిలాబాద్ జిల్లా కిన్వట్ తాలూకాలో, పెన్‌గంగ సమీపాన, ఉనికేశ్వర్ ఉంది. అక్కడ శివాలయం, దాని దగ్గర వేడినీటి గుండం ఉన్నాయి. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణతో కిన్వట్ నాందేడ్ జిల్లాలో కలిసింది. ఇప్పుడది మహారాష్ట్రలో ఉంది. ఇక భద్రాచలం పక్కనున్న గుండాల దగ్గర గోదావరి ఇసుకలో గుంట తవ్వితే వేడినీరు ఊరుతుంది. (గుండాల మండల కేంద్రం వేరు, ఇది వేరు.) ఈ ఊరు నిజాం ఏలుబడిలో లేదు. గోదావరికి అవతలి భద్రాచలం తాలూకా అప్పట్లో మద్రాసు రాజధానిలోది. తరువాత ఆంధ్రలో భాగమై, 1959లో ఖమ్మం జిల్లాలో చేరింది. 2014లో రాష్ట్ర విభజన సందర్భంగా గుండాలతో సహా భద్రాచలం చుట్టూ ఉన్న ఐదు పంచాయతీలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. బుగ్గలు ఉన్నచోటనే ఉన్నాయి. వాటి మీదుగా గీసిన పాలనా సరిహద్దులు మాత్రం పలుమార్లు మారాయి. అందువల్ల ఒక బుగ్గ చరిత్ర కావాలంటే మీరు ఒకటికి నాలుగు పాత జిల్లాల రికార్డులు వెదకవలసి వస్తుంది.

ఇక్కడ అగ్నిపర్వతాలు లేవు కదా, నీరు ఎందుకు వేడెక్కుతుంది? గోదావరి లోయ భూమి పొరల్లో పగుళ్ళు ఏర్పడి కుంగిన ప్రాంతం. వాననీరు ఆ పగుళ్ళ గుండా చాలా లోతుకు ఇంకుతుంది. లోతుకు పోయినకొద్దీ భూమి వేడి పెరుగుతుంది. అక్కడ కాగిన నీరు మరో పగులు గుండా పైకి వస్తుంది. ఈ కుంగిన లోయలోనే కోట్ల ఏళ్ళ కింద బొగ్గు పొరలు కూడా ఏర్పడ్డాయి. కాబట్టి మన దగ్గర బొగ్గు, వేడినీరు ఇరుగుపొరుగు సంపదలు.

బ్రిటిష్ పాలనలోని భూగర్భ సర్వే శాఖ ఈ రెంటినీ నమోదు చేసింది. 1871లో విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును గుర్తించారు. థామస్ ఓల్డ్‌హామ్ దేశంలోని సుమారు 300 వేడినీటి బుగ్గల పట్టికను తయారుచేయగా, ఆయన మరణానంతరం 1880లలో అది అచ్చయింది. కాని పెట్టుబడి వెళ్ళింది బొగ్గు వైపే. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఏర్పడింది. డోర్నకల్ నుంచి ఇల్లెందుకు రైలు మార్గం బొగ్గు కోసమే పడింది. బుగ్గలు మాత్రం భక్తుల సంరక్షణలో, పుణ్యస్నానాల స్థలాలుగా మిగిలాయి. మన కుటుంబాలు వాటి దగ్గరకు వెళ్ళింది మొక్కు కోసం, చర్మవ్యాధి నయమవుతుందన్న నమ్మకం కోసం, దైవదర్శనంతో పాటు ఒక పూట కలిసి వండుకు తినడం కోసం. విహారం అన్న పేరు పెట్టకపోయినా అందులో విహారం ఉంది.

2. జపాన్‌లో స్నానం, వైద్యం, వినోదం

జపాన్‌లో వేడినీటి బుగ్గను ఒన్‌సెన్ అంటారు. 733లో పూర్తయిన ఇజుమో ప్రాంత వర్ణన గ్రంథంలో తమత్సుకురి బుగ్గ ప్రస్తావన ఉంది. ఆడామగా, పిన్నాపెద్దా అక్కడ సంతలా గుమిగూడి సంతోషంగా గడిపేవారని అందులో రాశారు. దాదాపు 1,300 ఏళ్ళ కిందటి ఈ ఆధారం, కుటుంబ విహారం కేవలం ఆధునిక అలవాటు కాదని చెబుతుంది.

తరువాతి శతాబ్దాల్లో తోజి అనే ఆచారం బలపడింది. కోతలు ముగిశాక రైతులు బియ్యం, కూరగాయలు వెంట తీసుకుని బుగ్గ దగ్గరి సత్రాలకు వెళ్ళేవారు. తామే వండుకుంటూ కొన్ని వారాలు అక్కడే ఉండి, రోజూ స్నానాలు చేస్తూ ఒళ్ళునొప్పులు పోగొట్టుకునేవారు. ఇందులో వైద్యం, విశ్రాంతి, ఇరుగుపొరుగుతో కాలక్షేపం కలిసి ఉన్నాయి.

ఈ ఆచారాన్ని వ్యాపారంగా మార్చింది రైలు. ఒసాకా నగరం నుంచి తకరజుకకు 1910లో రైలు నడిపిన కొబయాషి ఇచిజో, ప్రయాణికులను రప్పించడానికి 1911లో అక్కడ కొత్త స్నానశాల కట్టించారు. పక్కనే కట్టిన ఈతకొలను ఆదరణ పొందలేదు. దాన్నే రంగస్థలంగా మార్చి 1914లో బాలికల సంగీత నాటక ప్రదర్శనలు మొదలుపెట్టారు. తండ్రి స్నానానికి వస్తే తల్లీ పిల్లలూ ఆటపాటలు చూడవచ్చు. ఒకే టిక్కెట్టు మీద ఇంటిల్లిపాదికీ పొద్దుపుచ్చే ఏర్పాటు అన్న ఆలోచన ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. 1948లో జపాన్ ఒన్‌సెన్ చట్టం చేసి, కనీసం 25 డిగ్రీల సెల్సియస్ వేడి గానీ, నిర్దేశించిన ఖనిజాలు గానీ ఉన్న నీటికే ఆ పేరు వర్తిస్తుందని నిర్ణయించింది.

3. జోబాన్: గనిని వేధించిన నీరు

ఇప్పుడు మన ప్రధాన ఉదాహరణకు వద్దాం. టోక్యోకు ఈశాన్యంగా, ఫుకుషిమా ప్రాంతంలోని ఇవాకిలో జోబాన్ బొగ్గు గనులు ఉండేవి. ఇక్కడి వేడినీరు కూడా, మన గోదావరి లోయలో లాగే, అగ్నిపర్వతం వల్ల వచ్చినది కాదు. గని లోతుకు పోయినకొద్దీ వేడినీరు ఉబికేది. ఒక టన్ను బొగ్గు తీయడానికి సుమారు 40 టన్నుల నీరు తోడిపోయవలసి వచ్చేదని లెక్క. లోపలి ఉక్కకు కార్మికులు ఎక్కువసేపు పనిచేయలేకపోయేవారు. నీటిని తోడే ఖర్చు బొగ్గు ధర మీద పడేది. అంతేకాదు, గనులు నీటిని లాగేయడంతో పక్కనున్న ప్రాచీన యుమొతో స్నానస్థలంలో 20వ శతాబ్దం తొలి దశకాల్లో సహజ ఊట ఆగిపోయింది. అంటే ఒకే నీరు గనికి బెడద అయింది, ఊరికి కరువైంది.

1950ల చివర, 1960లలో దిగుమతి చమురు చవకై జపాన్ బొగ్గు పరిశ్రమ కుంగిపోసాగింది. 1960లో దక్షిణాన మీఇకె గనిలో జరిగిన సుదీర్ఘ సమ్మె కార్మికుల ఓటమితో ముగిసింది. జోబాన్‌లో కూడా ఉద్యోగాల తొలగింపు మొదలైంది. అప్పుడు కంపెనీ ఉపాధ్యక్షుడు నకమురా యుతక, ఇన్నాళ్ళూ డబ్బు పోసి పారబోసిన వేడినీటినే ఆధారం చేసుకుందామని ప్రతిపాదించారు. పెద్ద గాజు కప్పు కట్టి, లోపల వేడినీటితో వెచ్చదనం నిలిపి, తాటిజాతి చెట్లు పెంచి, హవాయి దీవుల వాతావరణం కల్పించాలన్నది ఆలోచన.

హవాయి ఎందుకు? జపాన్ పౌరులు విహారం కోసం విదేశాలకు వెళ్ళడానికి 1964 ఏప్రిల్ 1 నుంచే అనుమతి లభించింది. హవాయి అందరి కల. ప్రయాణ ఖర్చు మాత్రం సామాన్యుడి జీతానికి అందనిది. ఆ కలను రైలు టిక్కెట్టు దూరంలోకి తేవడమే ఈ పథకం ఉద్దేశం.

గని పట్టణంలో చాలామంది దీన్ని నమ్మలేదు. బొగ్గు తవ్వే ఊరు నాట్యంతో బతుకుతుందా అని ఎగతాళి చేశారు. బయటి నుంచి నర్తకులను తేకుండా, 1965లో కంపెనీ శిక్షణాలయం పెట్టి గని కార్మికుల కుమార్తెలతో సహా స్థానిక యువతులకు హులా నాట్యం నేర్పించింది. 1966 జనవరి 15న జోబాన్ హవాయియన్ సెంటర్ తెరుచుకుంది. మొదటి ఏడాదే పది లక్షలకు మించి సందర్శకులు వచ్చారు. 1976 నాటికి కంపెనీ బొగ్గు తవ్వకం పూర్తిగా ఆపింది. 1990లో విహారశాల పేరు స్పా రిసార్ట్ హవాయియన్స్ అయింది. 2006లో వచ్చిన హులా గర్ల్స్ సినిమా ఈ కథతో తీసిందే.

2011 భూకంపం, అణు ప్రమాదం తరువాత విహారశాల మూతపడింది. అప్పుడు నర్తకులు దేశమంతా తిరిగి ప్రదర్శనలిచ్చారు. 2012 ఫిబ్రవరిలో విహారశాల పూర్తిస్థాయిలో మళ్ళీ తెరుచుకుంది.

గమనించండి: ఇక్కడ మూడు అంశాలు ముఖ్యం. ఒకటి, మార్పు ఆలోచన గని మూతపడ్డాక కాక, పదేళ్ళ ముందే మొదలైంది. రెండు, కొత్త పనిలో పాత కార్మిక కుటుంబాలకు చోటు దొరికింది. మూడు, గనిలో పని మగవాళ్ళదిగా ఉన్న ఊళ్ళో ఆడపిల్లలకు జీతం వచ్చే ఉద్యోగం ఏర్పడింది.

4. మణుగూరు అనుభవం

మన సింగరేణి 1920 డిసెంబరు 23న ప్రస్తుత పేరుతో కంపెనీగా నమోదైంది. కార్మికుడి చేత వారానికి ఆరు రోజులకు మించి పని చేయించరాదని 1952 గనుల చట్టం నిర్దేశించింది. మన బొగ్గు ప్రాంతాల్లో కుటుంబ విహారం సాధ్యం కావడానికి ఇలాంటి హక్కులే మొదటి మెట్టు. 1990 ప్రాంతంలో సింగరేణిలో లక్షకు పైగా ఉద్యోగులు ఉండేవారు. ఇప్పుడు సుమారు 40 వేల మంది. భూగర్భ గనుల స్థానంలో ఓపెన్‌కాస్ట్‌లు, యంత్రాలు వచ్చాయి.

మణుగూరు దగ్గర పగిడేరులో బొగ్గు అన్వేషణకు వేసిన బోరు నుంచి వేడినీరు తనంతట తానే ఉబికి వచ్చింది. ఇటీవలి సంవత్సరాల్లో సింగరేణి సంస్థ శ్రీరామ్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ ఇండస్ట్రియల్ రీసెర్చ్ సహకారంతో ఈ నీటి వేడి మీద 20 కిలోవాట్ల ప్రయోగాత్మక విద్యుత్ యూనిట్‌ను ఏర్పాటు చేసింది. తక్కువ వేడికే ఆవిరయ్యే ఒక ద్రవాన్ని ఈ నీటి వేడితో మరిగించి, ఆ ఆవిరితో టర్బైన్ తిప్పడం దీని పద్ధతి. అదే మణుగూరు ప్రాంతంలోని భద్రాద్రి థర్మల్ కేంద్రం సామర్థ్యం 1,080 మెగావాట్లు, అంటే దీనికి 54,000 రెట్లు. కాబట్టి వేడినీటి విద్యుత్తు బొగ్గు స్థానాన్ని భర్తీ చేస్తుందని అనుకోవడానికి వీల్లేదు. కాని బొగ్గు వెదికినచోట దొరికిన నీటికి కూడా విలువ ఉందని గుర్తించడం కొత్త విషయమే.

5. పోలికలో జాగ్రత్తలు

జోబాన్‌లో జరిగింది మణుగూరులో కూడా జరగవచ్చు కదా అని మీరు అడగవచ్చు. చరిత్ర విద్యార్థి పోలికతో పాటు తేడాలను కూడా చూడాలి.

మొదటిది, జోబాన్‌కు టోక్యో మహానగరం, అక్కడ జీతాలు పెరుగుతున్న కుటుంబాలు, నేరుగా రైలు ఉన్నాయి. సందర్శకులు లేని విహారశాల నిలవదు. రెండోది, పగిడేరు ఏజెన్సీ ప్రాంతం, కోయల నేల. అక్కడ భూమి గిరిజనేతరుల చేతుల్లోకి పోకుండా 1/70 చట్టం ఉంది. 1996 పెసా చట్టం గ్రామసభకు అధికారాలు ఇచ్చింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో ప్రైవేటు సంస్థలకు గనుల లీజులు ఇవ్వడం చెల్లదని 1997 సమత తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి నీరు ఎవరిది, భూమి ఎవరిది, ఉద్యోగం ఎవరికి అన్న ప్రశ్నలు ముందుగా తేలాలి. మూడోది, లోతు నుంచి వచ్చే నీటిలో ఖనిజాలు ఎక్కువగా కరిగి ఉంటాయి. వాడిన నీరు వాగుల్లో, తాగునీటిలో కలిస్తే ముప్పు. యుమొతో ఊట ఎండిన సంగతి మరవకూడదు.

ఈ తేడాలన్నీ ఒప్పుకున్నా ఒక ప్రశ్న మిగులుతుంది. బొగ్గు ఏనాటికైనా తరుగుతుంది. అప్పుడు ఆ ఊళ్ళ పిల్లలు ఏ పని చేస్తారన్నది గనులు నడుస్తుండగానే ఆలోచించాలి. జోబాన్ మనకు నేర్పేది విహారశాల నమూనా కాదు, ఈ ముందుచూపు.

సారాంశం

వేడినీటి బుగ్గ ఒకచోట పుణ్యతీర్థం, ఒకచోట వైద్యశాల, ఒకచోట గనికి అడ్డంకి, మరొకచోట వేల కుటుంబాలకు సెలవురోజు గమ్యం అయింది. నీటి స్వభావం ఒక్కటే. సెలవు, జీతం, రవాణా, భూమి హక్కు, కార్మికుల భాగస్వామ్యం వేరువేరుగా ఉన్నందువల్ల ఫలితాలు వేరయ్యాయి.

అభ్యాసం

1. రైలు మార్గాలు మన గోదావరి లోయలోనూ తకరజుకలోనూ వేరువేరు అవసరాలకు ఏర్పడిన తీరును పోల్చి రాయండి.

2. జోబాన్ మార్పులో కార్మిక కుటుంబాల, ముఖ్యంగా స్త్రీల, పాత్రను వివరించండి.

3. క్షేత్ర కార్యం: మీ ఇంట్లో లేదా వాడలో 60 ఏళ్ళు దాటిన ఒకరిని కలవండి. వారి చిన్నతనంలో కుటుంబమంతా కలిసి వెళ్ళిన ఒక ప్రయాణం గురించి అడగండి. ఎడ్లబండి మీదా, రైలులోనా? మొక్కు కోసమా, చుట్టాల ఇంటికా? ఆ రోజు కూలి ఎవరు వదులుకున్నారు? వంట ఎవరు చేశారు? వారు చెప్పినది వారి మాటల్లోనే రెండు పుటలు రాయండి. గని కార్మికుల కుటుంబాల్లో ఉన్నవారు ఈ పనిని తప్పకుండా చేయండి. బొగ్గు ఎన్ని టన్నులు తీశారో కంపెనీ రికార్డుల్లో ఉంటుంది. సెలవురోజు ఎలా గడిచిందో మీరు రాస్తేనే ఉంటుంది.