నైట్రస్ సిలిండరూ, 28 నిమిషాల కొండా

పోయిన వేసవిలో ఓ ఆదివారం పొద్దున్నే మా బావమరిది కొడుకు తిరుపతి నుంచి ఫోన్ చేశాడు. "మామా, కారుకి నైట్రస్ కిట్టు పెట్టిస్తా ఉండా. నువ్వు మెకానికల్ చదివినావు కదా, ఒకసారి చూసి చెప్పు" అని. నేను మెకానికల్ చదివిన మాట నిజమే. ఇరవై ఏళ్ళుగా రాస్తున్నది మాత్రం జావా కోడ్. అయినా మామా అని పిలిచి అడిగాక తెలీదనడానికి మొహం చెల్లదు కదా.

"పెట్టించాక మొదట ఎక్కడికి పోతావురా?" అన్నాను.

"ఇంకెక్కడికి, కొండకే. కారుకి పూజ చేయించల్ల, ఘాట్లో ఒక చూపు చూడల్ల."

ఫోన్ పెట్టేశాక నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. ఆ వారమంతా ఆఫీసు అయ్యాక ఇదే పని.

మన తరానికి నైట్రస్ అంటే 2001లో వచ్చిన ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్ సినిమా, 2003 నాటి నీడ్ ఫర్ స్పీడ్ అండర్‌గ్రౌండ్ గేమ్. బటన్ నొక్కగానే చుట్టూ లైట్లన్నీ గీతలైపోతాయి, కారు రాకెట్టవుతుంది. అసలు కథ చాలా పాతది. ఈ వాయువుని 1772లో ప్రీస్ట్‌లీ తయారు చేశాడు. 1799లో బ్రిస్టల్‌లో హంఫ్రీ డేవీ అనే కుర్రాడు దాన్ని పీల్చి పీల్చి, నవ్వి నవ్వి, నొప్పి తెలియట్లేదని గమనించాడు. లాఫింగ్ గ్యాస్ అన్న పేరు అలా వచ్చిందే. 1844లో హోరేస్ వెల్స్ అనే అమెరికా పళ్ళ డాక్టరు దాన్ని పీల్చి తన పన్నే పీకించుకున్నాడు. ఇప్పటికీ ఆపరేషన్ థియేటర్లలో కనబడే నీలం సిలిండర్ ఇదే.

ఇంజిన్లోకి వచ్చింది రెండో ప్రపంచ యుద్ధంలో. విమానం పైకి వెళ్ళేకొద్దీ గాలి పలచబడి ఇంజిన్ నీరసపడిపోతుంది. ఆక్సిజన్ చాలకపోతే వెంట మోసుకెళ్దాం అనుకున్నారు జర్మన్లు. జీఎం-1 అని పేరు పెట్టి తమ విమానాల్లో వాడారు. అక్కడి సిబ్బంది దాన్ని ముద్దుగా 'హా-హా పరికరం' అనేవారట. 1944లో బ్రిటిష్ వాళ్ళు కూడా మస్కిటో నైట్ ఫైటర్లలో పెట్టుకున్నారు.

1944 అనగానే నేను ఆగిపోయాను. తిరుమలకి మొదటి ఘాట్ రోడ్డు తెరిచింది కూడా 1944లోనే! అప్పటిదాకా కొండ ఎక్కాలంటే నడకో, డోలీయో. మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి చెయ్యి ఈ రోడ్డులో ఉందంటారు, అప్పటి మద్రాసు గవర్నర్ ఆర్థర్ హోప్ హయాంలో తెరుచుకుంది. ఇంకో తమాషా చూడండి. యుద్ధం మూలంగా పెట్రోలుకి రేషన్, అందుకని మద్రాసు ప్రెసిడెన్సీలో చాలా బస్సుల వెనక బొగ్గు పొయ్యిలు తగిలించి, ఆ గ్యాసుతో నడిపేవారు. ఎత్తు వస్తే జనం దిగి తోయాల్సిందే. అంటే అదే సంవత్సరం ఒక చోట ఇంజిన్‌కి నైట్రస్ తాగిస్తున్నారు, ఇంకో చోట బొగ్గు పొగ తాగిస్తున్నారు. మనకి రోడ్డైతే వచ్చింది గానీ దాని మీద పోవడానికి నూనె లేదు!

1974లో రెండో ఘాట్ వచ్చింది. అప్పట్నుంచి ఎక్కడానికి కొత్తది, దిగడానికి పాతది. నా దృష్టిలో తిరుమల రోడ్డు చరిత్రలో అసలైన మలుపు ఇదే (ఆ రోడ్డు మీద మలుపులకేం తక్కువ లేదనుకోండి). ఎదురుగా బండి రాదు అన్న ఒక్క భరోసా ఎన్ని ప్రాణాలు కాపాడిందో లెక్క కట్టలేం.

తర్వాత దేవస్థానం ఇంకో మంచి పని చేసింది. అలిపిరిలో టైం వేసిన చీటీ ఇచ్చి, అవతలి గేటు దగ్గర చూడటం. ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి కనీసం 40. ముందే వస్తే ఫైను. స్పీడ్ గన్నులూ కెమెరాలూ అక్కర్లేని ఐడియా. రెండు టైంస్టాంపులు, ఒక తీసివేత, అంతే. మనమైతే దీనికి ఆరు నెలల ప్రాజెక్టు పెట్టేవాళ్ళం :)

ఇంతకీ ఆ 28 నిమిషాల్లో ఎంత పవర్ కావాలి? కూర్చుని లెక్క వేశాను. మనుషులతో కలిపి కారు 1200 కిలోలు అనుకుందాం. అలిపిరి నుంచి తిరుమల సుమారు 700 మీటర్ల ఎత్తు. దాన్ని 28 నిమిషాల్లో పైకి లేపడానికి ఆరున్నర హార్స్ పవర్ చాలు. టైర్ల రాపిడీ, గాలీ కలిపినా పది, ఆ పైన కొంచెం. మా చిన్నప్పుడు బానెట్ తెరిచి, ఆవిర్లు కక్కుతూ, రేడియేటర్‌లో నీళ్ళు పోయించుకుంటూ ఎక్కిన అంబాసిడర్‌కే 50 దాకా ఉండేది. వీడి కారుకి 80 పైన ఉంది. దానికి ఇంకో 50 కలిపి ఏం చేస్తాడు? ఎంత తొందరగా వెళ్తే అంత సేపు పైన చెట్టు కింద కూర్చోవాలి.

దిగేటప్పుడు మాత్రం అదే శక్తి అంతా ఎక్కడో ఒక చోట పోవాలి. సెకండ్ గేరులో ఇంజిన్ మీద వదిలితే ఇంజిన్ మింగుతుంది, లేదంటే బ్రేకులు కాలి వాసనొస్తాయి. ఘాట్లో చాలా ప్రమాదాలకి అదే కారణం. నైట్రస్ దీనికి పైసా సాయం చెయ్యదు.

సరే, కొండ సంగతి వదిలేసి కిట్టు సంగతి చూద్దాం. గాలిలో ఆక్సిజన్ బరువులో 23 శాతం, నైట్రస్‌లో 36 శాతం. సుమారు 300 డిగ్రీల వేడికి అది విడిపోయి ఆక్సిజన్ వదులుతుంది. దానికి తగ్గ పెట్రోలు కూడా అదే క్షణంలో అందాలి. అందకపోతే మిశ్రమం పలచబడి, నాకింగ్ మొదలై, సెకన్లలో పిస్టన్ కరిగిపోతుంది. అందుకే పెట్రోలు కూడా కలిపి చిమ్మే 'వెట్' కిట్టు చిన్న కార్లకి కాస్త నయం. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితేనే, ఆర్‌పీఎం 3000 దాటాకే తెరుచుకునేలా స్విచ్చులు ఉండాలి. తక్కువ స్పీడులో వదిలితే గ్యాసూ పెట్రోలూ మానిఫోల్డ్‌లో పేరుకుని వెనక్కి పేలుతుంది. 50 హార్స్ పవర్‌కి రెండు డిగ్రీల చొప్పున టైమింగ్ వెనక్కి తగ్గించాలి, చల్లటి రకం ప్లగ్గులు వెయ్యాలి.

నాకు నిద్ర పట్టనివ్వనిది ఇవేవీ కావు, ఒక్క అంకె. 36.4 డిగ్రీలు. ఆ వేడి దాటితే నైట్రస్ ఇక ద్రవంగా ఉండదు, ఎంత ఒత్తిడి పెట్టినా సరే. ఈ కిట్లకి 900 నుంచి 1000 పీఎస్ఐ మధ్య బాటిల్ ప్రెషర్ ఉండాలి. అంతకన్నా పెరిగితే కొలత తప్పుతుంది, ఇంజిన్ పోతుంది. తిరుపతి మే నెలలో నీడలోనే 40 దాటుతుంది. ఎండలో నిలిపిన కారు డిక్కీలో ఎంత ఉంటుందో మీరే ఊహించుకోండి. నిండా పట్టించిన సిలిండర్ అయితే సేఫ్టీ డిస్కు పగిలే దాకా వెళ్ళొచ్చు. ఆ డిస్కు నుంచి కారు బయటికి గొట్టం వెయ్యకపోతే గ్యాసంతా లోపలికే, అద్దాలు మూసి డ్రైవ్ చేస్తున్నవాడి ముఖం మీదికే వస్తుంది. కార్లకి అమ్మే గ్యాసులో ఎవరూ పీల్చకుండా కాస్త సల్ఫర్ డయాక్సైడ్ కలుపుతారు కూడా.

చట్టం సంగతి చెప్పనే అక్కర్లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చకూడదు. 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకి 5000 రూపాయల ఫైను, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఇన్సూరెన్స్ వాళ్ళకి తెలిస్తే క్లెయిమ్ మీద ఆశ వదులుకోవచ్చు.

ఇదంతా వాడికి ఫోన్లో గంటసేపు చెప్పాను. అంతా విని "మామా, ఊరికే భయపెడ్తావు" అన్నాడు. ఆఖరికి పనిచేసింది సైన్సు కాదు, అలిపిరి. "అక్కడ డిక్కీ తెరిపిస్తారు కదా, 2003 అక్టోబరులో అలిపిరి దగ్గరే ముఖ్యమంత్రి కారు కింద మందుపాతరలు పేల్చారు. నీలం సిలిండర్, దానికి వైర్లు.. నువ్వేమని చెప్తావురా?" అన్నాను. అటుపక్క చాలాసేపు మాట లేదు.

అంత సరదాగా ఉంటే ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్ ఉంది, మీ ఊరికి మూడు గంటల లోపే, కారు ఎలా నడపాలో నేర్పించేవాళ్ళతో పోదాం, నేనూ వస్తానన్నాను. కిట్టు ఇంకా వాళ్ళ గోడౌన్లో అట్టపెట్టెలోనే ఉంది. పారేశాడని మాత్రం అనలేను.

జూన్లో మేమంతా వాడి కారులోనే కొండకి వెళ్ళాం. వాడే నడిపాడు. ఇరవై మూడో నిమిషానికే పై గేటు దగ్గరికి వచ్చేశాం. ముందు నాలుగైదు కార్లు రోడ్డు పక్కన ఆగి ఉన్నాయి, అందరూ టైం చూసుకుంటున్నారు. మేమూ ఆగాం. మా అత్తగారు పులిహోర డబ్బా మూత తీశారు. వాడు చీటీ వైపు చూసి, "దిగేటప్పుడు నలభై అంట మామా" అన్నాడు దిగులుగా.