1942 ఏప్రిల్ 6 దాడి: కృష్ణా డెల్టా తీరం వైపు నుంచి ఒక పునఃపరిశీలన

రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆంధ్రతీరంపై బాంబులు పడిన తేదీ 1942 ఏప్రిల్ 6. ఆ సోమవారం జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడ రేవులపై దాడి చేశాయి. విశాఖ నగర చరిత్రలో ఈ ఘటన తరచు ప్రస్తావనకు వస్తుంది. బందరు, గుడివాడ, దివిసీమల చరిత్రలో దీనికి దాదాపు చోటు లేదు. దాడికి గురైన రేవులలో బందరు లేకపోవడమే అందుకు కారణంగా కనిపిస్తుంది. బాంబు పడిన చోటును బట్టి మాత్రమే దాడి విస్తృతిని నిర్ణయించడం ఎంతవరకు సమంజసం అన్నది ఇక్కడ పరిశీలించవలసిన అంశం.

దాడి స్వభావం

శత్రువు పరిశ్రమలపై భారీ బాంబర్ల దాడి అన్నప్పుడు యుద్ధచరిత్రకారుల దృష్టిలో ఉండేది వేరు. నాలుగు ఇంజన్ల విమానాలు వేల కిలోమీటర్లు ప్రయాణించి చమురుశుద్ధి కేంద్రాలను, విమాన కర్మాగారాలను ధ్వంసం చేయడం దాని లక్షణం. బంగాళాఖాతం పరిసరాలలో దాని పూర్తి రూపం 1944లో కనిపిస్తుంది. ఖరగ్‌పూర్ ప్రాంతపు స్థావరాలకు చెందిన అమెరికన్ బి-29 విమానాలు ఆ ఏడాది ఆగస్టు 10న సింహళంలోని చైనా బే నుంచి బయలుదేరి సుమత్రాలోని పలెంబాంగ్ చమురు కేంద్రంపై బాంబులు వేశాయి. రానుపోను ప్రయాణం ఆరు వేల కిలోమీటర్లు. ఆ దళానికి చెందిన విమానాలే అక్టోబరులో చైనా స్థావరాల నుంచి వెళ్లి జపానులోని ఒమురా విమాన కర్మాగారంపై దాడి చేశాయి.

ఈ కొలమానంతో చూస్తే విశాఖ, కాకినాడలపై జరిగింది చాలా చిన్న దాడి. ర్యూజో అనే చిన్న విమానవాహక నౌక నుంచి వచ్చిన ఒంటి ఇంజను విమానాలు చేసిన పని అది. కానీ ఆ నౌక ఒంటరిగా రాలేదు. అడ్మిరల్ ఒజావా నాయకత్వంలో ఐదు భారీ క్రూజర్లతో బంగాళాఖాతంలో ప్రవేశించిన దళంలో అది ఒక భాగం. అదే సమయంలో నగుమో నౌకాదళం ఏప్రిల్ 5న కొలంబోపై, 9న ట్రింకోమలీపై దాడులు చేసింది. ఒజావా దళానికి అప్పగించిన ప్రధాన కార్యం రేవుల విధ్వంసం కాదు, సరకు ఓడల వేట. ఆ దళం మూడు భాగాలుగా విడిపోయి ఇరవైకి పైగా ఓడలను ముంచింది. వాటిలో అధికభాగం ఏప్రిల్ 6న మునిగినవే. మొత్తం లక్ష టన్నులకు అటూ ఇటూగా నష్టం జరిగింది.

ఇక్కడే బందరు ఈ చరిత్రలోకి వస్తుంది. కలకత్తా నుంచి యుద్ధనౌకల రక్షణ లేకుండా దిగువకు వస్తున్న ఓడలే ఈ వేటకు చిక్కాయి. విమాన బాంబులకు దెబ్బతిన్న డార్డనస్‌ను గాందారా అనే మరో ఓడ లాక్కొని వెళ్తుండగా, బందరుకు తూర్పున ఉన్న సముద్రంలో ఆ రెండింటినీ దక్షిణ భాగానికి చెందిన నౌకలు ముంచివేశాయి. బాంబులు రేవులపై పడ్డాయి. అసలు నష్టం గోదావరి, కృష్ణా ముఖద్వారాల ఎదుటి జలాలతో సహా తీరం పొడవునా జరిగింది. హంసలదీవి, నాగాయలంక తీరాలను ఈ దాడి పటం నుంచి తొలగించడం అందువల్ల పొరపాటు.

చమురు, విమానం, ఓడ

1942 నాటికి విశాఖలో చమురుశుద్ధి కర్మాగారం లేదు. అది 1957లో వచ్చింది. 1933లో ప్రారంభమైన రేవు ఉంది. 1941 జూన్ 21న రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసిన సింధియా నౌకానిర్మాణ కేంద్రం ఉంది. దాని వెనుక ఉన్న వాల్‌చంద్ హీరాచందే అంతకు ఆరు నెలల ముందు బెంగుళూరులో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థను స్థాపించాడు. 1942 ఏప్రిల్‌లోనే ప్రభుత్వం ఆ సంస్థలో ఆయన వాటాను కొనేసింది. విమాన పరిశ్రమ యుద్ధావసరంగా ప్రభుత్వం చేతికి వెళ్లగా, నౌకా పరిశ్రమ దాడి దెబ్బతో కుంటుపడింది. విశాఖలో కట్టిన తొలి ఓడ జల ఉష 1948 మార్చి 14న గాని నీటిలోకి దిగలేదు.

చమురు కథ మరింత విచిత్రం. రంగూను సమీపంలోని సిరియం చమురుశుద్ధి కేంద్రాన్ని 1942 మార్చి 7న బ్రిటిషువారే పేల్చివేశారు, శత్రువుకు దక్కకూడదని. ఏప్రిల్ మధ్యలో యెనాంజౌంగ్ చమురు బావులకూ అదే గతి పట్టింది. బర్మా కిరసనాయిలు మీద ఆధారపడిన డెల్టా గ్రామాలలో దీపాలకు కొరత ఏర్పడటానికి మూలం జపాను బాంబు కాదు, ఈ స్వయంకృత విధ్వంసం.

కదిలిన జనం, ఆగిన సరకు

జపాను సేనలు తీరంలో దిగబోతున్నాయన్న తప్పుడు అంచనాతో మద్రాసు ప్రభుత్వం తన కార్యాలయాలను లోతట్టు ప్రాంతాలకు తరలించింది. నగరం చాలావరకు ఖాళీ అయింది. నిజానికి ట్రింకోమలీ దాడి తరువాత జపాను నౌకాదళం తిరుగుముఖం పట్టింది. కట్టమంచి రామలింగారెడ్డి ఉపాధ్యక్షుడుగా ఉన్న ఆంధ్ర విశ్వకళాపరిషత్తు గుంటూరుకు తరలింది. గుంటూరు సముద్రానికి మరీ దూరమేమీ కాదు. అయితే అక్కడ శత్రువు గురిపెట్టదగిన రేవు లేదు. బందరుకు రక్షణ అయినదీ దాదాపు ఇదే: 1864 తుపానులో కుంగి, ఇసుక మేటలతో పెద్ద ఓడలు దూరంగా లంగరు వేయవలసిన స్థితికి చేరిన రేవు, 1942లో గురి కాగల స్థాయిని ఎన్నడో కోల్పోయింది.

రంగూను పతనంతో ఏటా పది లక్షల టన్నులకు మించిన బర్మా బియ్యం దిగుమతి నిలిచిపోయింది. ఏప్రిల్ 6 తరువాత తూర్పుతీరపు నౌకారవాణా కూడా స్తంభించడంతో మిగిలిన ధాన్యానికి రైలు, కాలువలే దారి. బందరు, భీమవరం మార్గాలు కలిసే గుడివాడ జంక్షను, కొమ్మమూరు కాలువ ద్వారా బకింగ్‌హాం కాలువకు చేరి మద్రాసు దాకా సాగే పడవల బాట - ఈ రెండింటి యుద్ధకాలపు ప్రాముఖ్యాన్ని ఆ నేపథ్యంలో గుర్తించాలి. మరుసటి ఏడు బెంగాలులో కరవు వచ్చినప్పుడు డెల్టా వరి విలువ దేశమంతటికీ తెలిసివచ్చింది. కృష్ణా జిల్లా రైతుకు యుద్ధం ఆకాశం నుంచి కాక ధాన్యం ధర రూపంలోనే ఎదురైంది.