నలుదిక్కుల నాదము

రాతి మండపములో మ్రోగిన నాదస్వరము వేరు. అదే నాదస్వరము ఇంటిలోని రేడియోనుండి వినవచ్చునప్పుడు వేరు. మండపములో ధ్వని వాద్యమునుండి నేరుగా వచ్చుటయే గాక, స్తంభములకును కప్పునకును తగిలి నలువైపులనుండి మరల మనలను చేరును. రేడియోలో అది ఒక్క వాకిటినుండి మాత్రమే వెలువడును. పోయిన ఆ పరిసరమును ఇంటికి రప్పించుటకు జరిగిన ప్రయత్నముల చరిత్ర నూటనలుబది యేండ్లకు మించినది.

1881లో పారిస్ విద్యుత్ప్రదర్శనమునందు క్లెమాఁ అదేర్ అను ఇంజనీరు ఒపెరా రంగస్థలముపై టెలిఫోను యంత్రముల నమర్చి, దూరముననున్న శ్రోతలకు చెవి కొకటి చొప్పున రెండు శ్రవణయంత్రముల నిచ్చెను. గాయకుడు వేదికపై ఒకవైపునుండి మరియొకవైపునకు నడచుట చెవులకే తెలియవచ్చెను. 1931లో ఇంగ్లండునందు ఆలన్ బ్లమ్‌లైన్ ఒకే గాడిలో రెండు ధ్వనులను చెక్కు పద్ధతికి పేటెంటు కోరెను. 1933 ఏప్రిల్ 27న ఫిలడెల్ఫియాలో వాద్యబృందము వాయించుచుండగా, బెల్ ప్రయోగశాలలవారు ఆ సంగీతమును మూడు మార్గములలో వాషింగ్టన్ సభాభవనమునకు చేర్చిరి. అచ్చటి వేదికపై వాద్యకారు డొక్కడును లేడు. లౌడుస్పీకర్లు మాత్రమే యుండెను.

1950ల దశకమున అమెరికాలో కొందరు శ్రోతలు రెండు రేడియోలను గదిలో చెరియొకవైపున నుంచి, వేర్వేరు ప్రసారములనుండి కుడియెడమల ధ్వనులను వినుచుండిరి. 1958 నాటికి స్టీరియో రికార్డులు అంగళ్లకు వచ్చెను. 1961లో ఒక్క ఎఫ్.ఎం. ప్రసారముననే రెండు ధ్వనులను పంపుటకు అమెరికా ప్రభుత్వము అనుమతించెను.

1970 తరువాత ముందు రెండు, వెనుక రెండు స్పీకర్లతో ‘క్వాడ్రాఫోనీ’ వచ్చెను. కాని ఒక కంపెనీ ఎస్.క్యూ. అనెను, వేరొకటి క్యూ.ఎస్. అనెను, మరియొకటి సి.డి.4 అనెను. ఒకరి రికార్డు మరియొకరి యంత్రమునకు పొసగదయ్యెను. దశాబ్దము ముగియునప్పటికి ఆ వ్యాపారము కూలిపోయెను. శాస్త్రము ఓడలేదు, ఒప్పందము కుదరలేదు. నష్టపడినవారు మాత్రము సొమ్ము పోసి కొన్న గృహస్థులే.

ఆ కాలముననే ఇంగ్లండులో మైకేల్ గెర్జన్ వేరొక త్రోవ చూపెను. స్పీకర్ల సంఖ్యను బట్టి గాక, ధ్వని ఏ దిక్కునుండి వచ్చుచున్నదో దానినే నమోదు చేయవలెననియు, ఇంట నున్న స్పీకర్లను బట్టి దానిని పంచవచ్చుననియు ఆయన భావము.

పరిసరధ్వనిని మరల ఇంటికి తెచ్చినది చలనచిత్రము. 1992లో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘము ఐదు స్పీకర్ల అమరికకు ప్రమాణము నిర్ణయించెను: ఒకటి ఎదురుగా, రెండు ఇరువైపుల 30 డిగ్రీల కోణమున, మిగిలిన రెండు 100 నుండి 120 డిగ్రీల నడుమ. 1996లో ఆరంభమైన డీ.వీ.డీ.తో ఇట్టి అమరిక ఇండ్లలో వ్యాపించెను. 2012లో వచ్చిన డాల్బీ అట్మాస్ తలపైనుండి కూడ ధ్వనిని వినిపించెను. అందు ధ్వనికి స్థానము చెప్పినచో, యంత్రమే దానిని ఉన్న స్పీకర్లకు పంచును. గెర్జన్ కోరినదానికి ఇది మిక్కిలి సమీపము.

శ్రోత గమనింపవలసినది స్పీకర్ల లెక్క కాదు. బెర్లియోజ్ 1837నాటి తన రెక్వియమ్‌లో నాలుగు మూలల ఇత్తడి వాద్యబృందముల నుంచెను; అట్టి సంగీతమునకు నలుదిక్కులును కావలెను. వేదికపై నొకరు పాడు కచేరీకి వెనుకనుండి రావలసినది సభాభవనపు మ్రోత మాత్రమే. గాయకుడు ఎదుటనే యుండవలెను. ఈ వివేకము లేనిచో స్పీకర్లు పెరిగినకొలది సంగీతము తరుగును.