ఆదివారం తొమ్మిదిన్నర సీత

ఆ కుంపటి ఇటు జరిపి కూచోరా. ఫోను బోర్లా పెట్టు, అదెక్కడికీ పారిపోదు.

దీపికా చిఖలియా అని బొంబాయి అమ్మాయి. రామానంద్ సాగర్ తన 'విక్రమ్ ఔర్ బేతాళ్' సీరియల్లో వేషాలిచ్చి, ఆనక హిందీ రామాయణం సీరియల్లో సీతని చేశాడు. 1987 జనవరి 25న దూరదర్శన్‌లో మొదలైంది. ఆమెకి 22 కూడా నిండలేదు. కట్టె కొట్టె తెచ్చె అని మూడు ముక్కల్లో తేలే కథని గుజరాత్ ఉమర్‌గావ్‌లో సెట్లు వేసి 78 భాగాలు లాగారు.

మా వీధికంతా ఒకటే టీవీ, పక్కింటి మేష్టారిది. హైదరాబాద్ ఈసీఐఎల్ వాళ్ళ ఈసీ టీవీ, నలుపు తెలుపుది. వేలు పోసి కొన్నాడు పాపం, ఆదివారం తొమ్మిదిన్నరయ్యేసరికి ఆయనకే కూచోడానికి చోటుండేది కాదు. చెప్పులన్నీ గుమ్మం బయట. టీవీకి బొట్టు, బంతిపూల దండ, సాంబ్రాణి. బొమ్మ మసకబారితే అది పొగో, యాంటెనా తిరిగిందో తేలక ఓ కుర్రాణ్ణి డాబా ఎక్కించేవాళ్ళం. "వచ్చిందా?" "ఇంకొంచెం తిప్పరా!" వాడు దిగేసరికి శివధనుస్సు విరిగిపోయేది. మేష్టారి భార్య అందరికీ మంచినీళ్ళిచ్చేది. కాఫీ అడిగిన మహానుభావుడూ ఉన్నాడు, ఎవరో అడక్కు, మీ తాతయ్యే. అదిగో, రామాయణంలో పిడకల వేటలో పడ్డాను.

హిందీ ఎవరికొచ్చు? మేష్టారికీ అంతంతమాత్రమే. తెలిసిన కథే కనక అడ్డం రాలేదు. మా అత్తగారు మాత్రం మొదట ఒప్పుకోలేదు. 1963లో బండి కట్టించుకుని లవకుశకి వెళ్ళి, కొంగు తడిసేలా ఏడ్చొచ్చిన మనిషి. "సీతంటే అంజలీదేవే, ఈ పిల్లెవతే?" అనేది. అశోకవనం వచ్చేసరికి ముందు వరసలో ఆవిడే, వెక్కిళ్ళూ ఆవిడవే. ఇంటికొచ్చి పప్పులో ఉప్పు ఎక్కువైందని నన్ను దులపడం మాత్రం మానలేదనుకో.

దీపిక నటి అన్న సంగతే జనం మరిచిపోయారు. ఎక్కడ కనబడితే అక్కడ, పెద్దముత్తయిదువలు కూడా కాళ్ళకి దండాలు. అలా మొక్కించుకున్న పిల్ల ఇంకో వేషం కడితే ఒప్పుకుంటారా? 1990లో కన్నడంలో శంకర్‌నాగ్ పక్కన 'హొస జీవన' చేసినా, జనానికి సీతే కావాలి. 1991లో బరోడాలో భాజపా తరఫున నిలబడితే గెలిపించి పార్లమెంటుకి పంపారు. ఓటు ఆమెకి పడిందా, సీతమ్మకా అంటే సీతమ్మకే అంటాను.

2020 లాక్‌డౌన్‌లో మళ్ళీ వేస్తే నువ్వూ చూశావుగా, రామాయణమంతా విని రాముడికి సీత ఏమవుతుందని అడిగే బాపతు! నన్నడిగితే ఆ పిల్ల గట్టి నటి. మా అత్తగారి చేత అంజలీదేవిని కాసేపు మరిపించింది, సామాన్యమా?